కరెంటు కూడా అద్దెలోనే!

ఇల్లు చూపించిన రోజు ఓనరుగారు చాలా చెప్పారు గానీ నా చెవికెక్కింది ఒక్కటే ముక్క: "కరెంటు, నీళ్లు అన్నీ అద్దెలోనే అండీ." ఊరి నడిబొడ్డున ఇల్లు. కిటికీ తెరిస్తే అర్ధరాత్రి కూడా హారన్లే. గదిలో రెండో మనిషి నడవాలంటే మొదటివాడు మంచమెక్కాలి. అవేవీ నాకు కనబడలేదు, వినబడలేదు. అడ్వాన్సు అక్కడికక్కడే చేతిలో పెట్టేశాను.

పాత ఇంట్లో నేను టీవీ వెలుగులో భోంచేసిన మనిషిని. 2000 వాట్ల గీజరు గంటసేపు వెలిగితే రెండు యూనిట్లని, పక్కనే నిలబడి నిమిషాలు లెక్కపెట్టి ఆపేవాణ్ణి. అలాంటివాడికి "అన్నీ అద్దెలోనే" అంటే తల తిరగదూ? ఏసీ 18లో పెట్టి దుప్పటి కప్పుకున్నాను. జేబురుమాళ్లు, మేజోళ్లు, ఆఖరికి మసిగుడ్డ కూడా ఇస్త్రీ చేశాను. ఇంటికొచ్చినవాళ్లకు మంచినీళ్ల కంటే ముందు "మీ ఫోను ఇటివ్వండి, చార్జింగ్ పెడతా" అనేవాణ్ణి. వాడని ప్రతి యూనిటూ నా జేబులోంచి జారిపోతున్నట్టే ఉండేది మరి.

మొదటి ఆదివారం పొద్దున ఈ యావ ముదిరింది. గీజరు 2000, ఇండక్షన్ స్టవ్ 2000, ఏసీ 1500, ఇస్త్రీపెట్టె 1000. షర్టు సగం చేసి, తలంటుకొచ్చి మిగతా సగం చేద్దామని పెట్టె ఆపకుండానే బాత్రూములోకి వెళ్లాను. ఫ్లాటంతటికీ ఉన్నది ఒకే ఒక్క 16 ఆంపియర్ల ఎంసీబీ, అంటే లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయి కరెంటు ఆపేసే మీట. 230 వోల్టుల దగ్గర అది మోసేది 3680 వాట్లు, నేను దాని నెత్తిన పెట్టింది 6500. ఈ లెక్క తర్వాత ఓనరుగారు చెప్పారు. అప్పటికి నేను తలకు షాంపూ పట్టిస్తున్నాను.

లోడు ఎక్కువైతే ఎంసీబీ వెంటనే పడిపోదు, అదీ దాని దుర్మార్గం. లోపలుండే రెండు లోహాల పట్టీ నిదానంగా వేడెక్కి, వంగి, అప్పుడు తన్నేస్తుంది. సరిగ్గా నురగ కళ్లలోకి దిగేంత టైము! టప్‌మంది. కిటికీ లేని బాత్రూము. పై అంతస్తు, ట్యాంకు నెత్తిమీదే కాబట్టి ప్రెషర్ పంపు తిరిగితే గానీ షవర్లో ధార రాదు. ఆ పంపూ అదే ఎంసీబీ మీద. షవర్ రెండు చుక్కలు రాల్చి ఊరుకుంది.

ఎంసీబీ పెట్టె కింద మెట్ల పక్కన, తాళం లోపల. తువ్వాలు చుట్టుకుని, ఒంటికన్నుతో మూడంతస్తులు దిగాను. ఎదురొచ్చిన రెండో అంతస్తు ఆవిడ గోడవైపు తిరిగి నిలబడిపోయింది. ఓనరుగారు అప్పటికే తాళంచెవి, నోట్‌బుక్ పట్టుకుని ఉన్నారు.

"ఏమేం వేశారు బాబూ?"

"గీజరండీ."

"ఊఁ."

"ఏసీ... స్టవ్వు..."

"ఇంకా?"

"అంతేనండీ." నురగ నోట్లోకి పోతోంది, ఎక్కువ మాట్లాడలేకపోయాను.

ఆయన మీట పైకెత్తారు. మళ్లీ పడింది. "వేడిమీదుంది, కాస్త చల్లారాలి. ఈలోపు పైకెళ్లి అన్నీ ఆపేసి రండి." వెళ్లి, తడుముకుంటూ మూడూ ఆపి వచ్చాను. అవును, మూడే. చెప్పినవి మూడే కదా!

ఈసారి మీట నిలబడింది. నేను వెనక్కి తిరగబోతుంటే ఆయన చొక్కా జేబులోంచి అగ్రిమెంటు తీసి, కళ్లజోడు సర్దుకుని, నన్ను మెట్టు మీద కూర్చోబెట్టి చదవడం మొదలెట్టారు. నేను సంతకం పెట్టిన కాగితమే. "కరెంటు అద్దెలోనే" దగ్గర వాక్యం ఆగలేదట. "నెలకు 150 యూనిట్ల వరకు, ఆపైన వాడినది అద్దెకుండువారే చెల్లించవలెను" అని కూడా ఉందట. సంతోషంలో సగం వాక్యమే చదివాను. మీటరు రీడింగ్ నోట్‌బుక్కులో చూపించారు. వారం తిరక్కుండానే 112.

అప్పుడు మెట్ల మీదుగా సన్నగా ఒక వాసన దిగింది. ఆయన చదవడం ఆపి, ముక్కు పైకెత్తి, కళ్లజోడు మీదుగా నావైపు చూశారు.

"ఇస్త్రీపెట్టె కూడానా బాబూ?"