పనంతా కళ్లకేనా?

ఉదయం ఎనిమిదిన్నరకు రద్దీగా ఉన్న ఏ టిఫిన్ సెంటర్ దగ్గరైనా కాసేపు నిలబడి చూడండి. పెనం దగ్గరున్న మనిషికి ఒక చేతిలో పిండి గరిటె, ఇంకో చేతిలో అట్లకాడ. ఎదురుగా జనం. ఎవరో క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తారు. పక్కనున్న చిన్న డబ్బా ‘నలభై రూపాయలు అందాయి’ అంటుంది. ఆయన తల కూడా ఎత్తడు, ప్లేటు చేతికిచ్చేస్తాడు.

ఈ పదేళ్లలో మన దగ్గర సామాన్యుడి చేతికి వచ్చిన పరికరాల్లో నాకు బాగా నచ్చింది ఈ సౌండ్‌బాక్సే. 2019లో పేటీఎం తెచ్చింది, ఆ తర్వాత ఫోన్‌పే, మిగతావాళ్లూ తెచ్చారు. అంతకుముందు డబ్బు పంపినవాళ్లు ఫోన్ తిప్పి ఆకుపచ్చ టిక్కు చూపించేవారు. అది ఇప్పటిదా, నిన్నటి స్క్రీన్‌షాటా అని చూసేంత తీరిక దుకాణదారుకు ఎక్కడిది? ఎస్సెమ్మెస్ ఎప్పుడొస్తుందో తెలియదు. ఒక్కోసారి అసలు ఫోనే ఇంట్లో ఉండిపోతుంది. సౌండ్‌బాక్స్‌కు సొంత సిమ్ ఉంటుంది కాబట్టి యజమాని ఫోన్‌తో దానికి పని లేదు. చెల్లింపు పూర్తయిందని సర్వర్ నుంచి కబురొస్తేనే పలుకుతుంది. గల్లా దగ్గరి కుర్రాడికి, పెనం దగ్గరి యజమానికి, డబ్బు కట్టిన మనిషికి ఒకేసారి తెలుస్తుంది, ‘వచ్చిందా? రాలేదా?’ అన్న టెన్షన్ ఎవరికీ ఉండదు.

ఆ సమయంలో ఆ మనిషికి కళ్లూ చేతులూ ఖాళీ లేవు, చెవులు మాత్రం ఖాళీ. దీన్ని తయారుచేసినవాళ్లు పట్టుకున్న కిటుకు అదే. 2024లో మహేశ్ బాబు గొంతు కూడా పెట్టారు, సరదాగానే ఉంటుంది. కానీ దుకాణదారుకు కావాల్సింది అంకె. లోపం లేదా అంటే ఉంది. మందుల షాపులో మనం ఎంత కట్టామో వెనకున్నవాళ్లందరికీ వినపడుతుంది. చాటింపు వేయకుండా దుకాణదారుకు మాత్రమే చెప్పే దారి కంపెనీలు ఇంకా వెతకాలి.

ఇదే తర్కాన్ని లక్షలు పోసి కొనే కార్లలో మాత్రం తలకిందులు చేశారు. డ్రైవింగ్‌లో తీరిక లేనివి కళ్లే. అయినా ఏసీ తగ్గించాలన్నా, అద్దం మీద ఆవిరి పోగొట్టాలన్నా తెర మీద మెనూలు వెతకమంటారు. తిప్పే నాబ్ అయితే వేళ్లకు దాని చోటు గుర్తుంటుంది. ఎన్ని గాట్లు తిప్పామో టిక్కుటిక్కుమని చేతికే తెలుస్తుంది. నున్నటి గాజు మీద ఆ గుర్తులేవీ ఉండవు, కాబట్టి ప్రతిసారీ చూడాల్సిందే.

2022లో స్వీడన్ పత్రిక ‘వి బిలేగరే’ దీన్ని కొలిచింది. డ్రైవర్లకు ముందే కారు అలవాటయ్యేంత సమయమిచ్చి, గంటకు 110 కిలోమీటర్ల వేగంలో రేడియో స్టేషన్ మార్చడం, ఏసీ సరిచేయడం వంటి నాలుగు పనులు చేయమన్నారు. బటన్లున్న 2005 నాటి వోల్వోలో అన్నీ 10 సెకన్లలో అయిపోయాయి. కొత్త కార్లలో అన్నిటికంటే వెనకబడిన దానిలో 44.9 సెకన్లు పట్టింది. ఆ వేగంలో అంతసేపంటే కారు 1,300 మీటర్లకు పైగా వెళ్లిపోతుంది. మరి తెరలే ఎందుకు పెడుతున్నారు? డజన్ల కొద్దీ స్విచ్చులు, వాటి వైర్లు, అచ్చుల బదులు ఒక్క గాజు పలకతో పనైపోతుంది. ఫీచర్లు తర్వాత సాఫ్ట్‌వేర్‌తో చేర్చుకోవచ్చు. షోరూంలో మెరుస్తుంది కూడా. మిగిలేది కంపెనీకి, తిప్పలు డ్రైవర్‌కు.

సముద్రంలో ఈ పాఠానికి ఇంకా పెద్ద మూల్యం పడింది. 2017 ఆగస్టులో సింగపూర్ దగ్గర అమెరికా యుద్ధనౌక జాన్ ఎస్. మెకెయిన్ ఒక చమురు నౌకను ఢీకొంది. 10 మంది నావికులు చనిపోయారు. శిక్షణ చాలకపోవడం, అలసట కూడా కారణాలే. అయితే నౌకను నడిపే టచ్‌స్క్రీన్లలో ఏ నియంత్రణ ఎవరి తెర మీదికి వెళ్లిందో సిబ్బందికి అర్థం కాకపోవడాన్ని దర్యాప్తు ప్రత్యేకంగా ఎత్తి చూపింది. 2019లో ఆ నౌకాదళం వేగం నియంత్రించే టచ్‌స్క్రీన్లు తీసేసి మళ్లీ చేత్తో పట్టుకుని తోసే మీటలు పెడతామని ప్రకటించింది. కార్ల విషయంలో యూరప్‌లో భద్రతకు స్టార్లు ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటర్లు, హారన్, వైపర్లు, హజార్డ్ లైట్ల వంటివాటికి విడిగా స్విచ్చులుంటేనే పూర్తి మార్కులంటోంది. 2023లో మొదలైన మన భారత్ ఎన్‌క్యాప్ కూడా ఇలాంటి షరతు పెట్టాలి. మన రోడ్ల మీద ఎదురుగా వచ్చేవాటిని చూడటానికే రెండు కళ్లు చాలవు మరి.

కళ్లున్నవాళ్ల ఇబ్బందే ఇంతుంటే, చూపు లేనివాళ్ల సంగతి చెప్పక్కర్లేదు. మన 100, 500 రూపాయల నోట్ల అంచుల్లో ఉబ్బెత్తుగా ఏటవాలు గీతలుంటాయి, తడిమి చూడండి. వందకు నాలుగు, ఐదు వందలకు ఐదు. చూపు లేని మనిషి వేళ్లతో నోటు పోల్చుకోవడానికి పెట్టినవి. నలిగిన నోట్ల మీద అవి సరిగా తెలియవు. అందుకే 2020లో రిజర్వు బ్యాంకు నోటు విలువను పలికి, ఫోన్‌ను కంపింపజేసి చెప్పే ‘మణి’ యాప్ తెచ్చింది. కాగితం నోటుకే ఇంత ఆలోచించిన దేశంలో, గాజు కీప్యాడ్ ఉన్న కార్డు మెషిన్లు దుకాణాల్లోకి వచ్చేశాయి. అంకెలు ఎక్కడున్నాయో చేతికి తగలదు. సరైన వాయిస్ సాయం లేకపోతే అంధుడైన కొనుగోలుదారు పిన్ నంబర్ పక్కవాళ్లకు చెప్పి కొట్టించుకోవాలి. పిన్ ఎవరికీ చెప్పొద్దని బ్యాంకులే కదా రోజూ మెసేజ్‌లు పెడతాయి!

కేవైసీలో, అంటే ఖాతాదారు గుర్తింపు తనిఖీలో, కెమెరా ముందు ‘కళ్లు ఆర్పండి’ అనే పరీక్ష కూడా ఇలాంటిదే. యాసిడ్ దాడిలో కనురెప్పలు పోయినవాళ్లు, చూపు లేనివాళ్లు దాని వల్ల బ్యాంకు ఖాతాలకు, సిమ్ కార్డులకు దూరమయ్యారు. వాళ్ల పిటిషన్ల మీద 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణ ఇచ్చే జీవించే హక్కులో భాగమని చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. రెప్పలు ఆర్పడం మీదే ఆధారపడకుండా వేరే దారులు పెట్టాలన్నది అందులో ఉంది. కేవైసీకి కోర్టు చెప్పిన ఈ మాట కార్డు మెషిన్‌కు, లిఫ్టుల్లో వస్తున్న గాజు ప్యానెళ్లకు, ఇండక్షన్ పొయ్యికి కూడా వర్తించాలి. దానికి కొత్త ఆవిష్కరణలేం అక్కర్లేదు. మామూలు ఫోన్లు, కాలిక్యులేటర్ల కీప్యాడ్లలో 5 అంకె మీద వేలికి తగిలే చిన్న బొడిపె ఎన్నో ఏళ్లుగా ఉంది. దాన్ని తీసేయమని అడిగినవాళ్లు ఎవరూ లేరు.