ఫోను తనిఖీతో సరిపోదు

పిల్లల ఫోన్లు రోజూ తనిఖీ చేస్తే దారి తప్పరన్న వ్యాసకర్తతో ఏకీభవించలేను. మాది విశాఖలో మద్దిలపాలెం. అమ్మాయి పదో తరగతిలో ఉండగా నేనూ అదే చేశాను. ఫోనుకు కొత్త పాస్‌వర్డ్ పడింది, నాతో మాటలు కరువయ్యాయి.

ఆర్కే బీచ్‌లో ఒక సాయంత్రం మొక్కజొన్న పొత్తు తింటూ తనే కదిపింది: "నాన్నా, పాస్‌వర్డ్ చెప్పకపోతే నమ్మకం లేనట్టేనని నా స్నేహితురాలితో ఒకబ్బాయి అంటున్నాడు." (ఇలాంటివన్నీ ఎప్పుడూ స్నేహితురాలికే జరుగుతాయి.) ఉపన్యాసం నోటిదాకా వచ్చింది, మింగేశాను. "కాదంటే ఊరుకుంటాడా, బెదిరిస్తాడా?" అని మాత్రం అడిగాను. చాలాసేపు అలల వైపు చూసి, "బెదిరిస్తాడు" అంది. ఆ తర్వాత చీకటి పడేదాకా మాట్లాడుకున్నాం.

ఎదుటి మనిషిని గౌరవించాలన్న అసలు పాఠం ఇంట్లోనే ఉంది. నేను మా ఆవిడకు క్షమాపణ చెప్పడం పిల్లలు ఏనాడైనా విన్నారా అంటే, లేదు. మగపిల్లల తల్లిదండ్రులకూ ఒక మాట: పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం, లైంగిక సంబంధాల విషయంలో 18 ఏళ్లలోపు వారి అంగీకారాన్ని లెక్కలోకి తీసుకోదు. ఇది కొడుకులకు చెప్పినవారు ఎందరు? వ్యవహారం బెదిరింపుల దాకా వెళితే పిల్లల సహాయవాణి 1098కి ఫోను చేయవచ్చు, పిల్లలే నేరుగా చేసినా సరే.