పిక్క పట్టేస్తే గుండెకూ హెచ్చరికే

అంగడికి నడిచే మనిషి రెండు ఫర్లాంగులు పోగానే పిక్క బిగుసుకుని ఆగిపోతాడు. రెండు మూడు నిమిషాలు నిలబడితే తగ్గుతుంది. మళ్లీ అంతే దూరం పోతే మళ్లీ పట్టేస్తుంది. నల్లగొండ, పాలమూరు పల్లెల్లో దీనికి తరచూ దొరికేది ఒక నొప్పి సూది, నరాల బలహీనత అంటూ నాలుగు బలం గోలీలు. నడుములో నరం నొక్కుకుంటే కూర్చున్నాకో, ముందుకు వంగాకో గానీ నొప్పి తగ్గదు. ఊరికే నిలబడితే తగ్గుతోందంటే కాలి ధమనిని అనుమానించాలి.

నాళం పూడిందంటాం గానీ, అది చెరువులో ఒండ్రులా పైపైన పేరుకునేది కాదు. బీపీ, షుగర్, బీడీ పొగ ధమని లోపొరను దెబ్బతీస్తే చెడు కొలెస్ట్రాల్ గోడలోకే చొరబడుతుంది. దాన్ని మింగవచ్చిన తెల్లకణాలు కొవ్వుతో ఉబ్బి అక్కడే చస్తాయి. పైన ఒక పొర కడుతుంది. ఆ పొర చిట్లితే నెత్తురు గడ్డకట్టి నిమిషాల్లో దారి మూసేస్తుంది. సగం కూడా ఇరుకవని నాళంలోనూ గుండెపోటు వచ్చేది అందుకే. కాలిలో ఈ జబ్బున్నవారికి గుండె, మెదడు నాళాల్లోనూ ఉండే ముప్పు చాలా ఎక్కువ.

దీన్ని పట్టుకోవడానికి ముందుగా యాంజియోగ్రామ్ అక్కర్లేదు. మనిషిని ఐదు నిమిషాలు పడుకోబెట్టి, బీపీ పట్టీ, చేతి డాప్లర్‌తో (నెత్తురు పారే చప్పుడు వినిపించే, చేతిలో పట్టుకునే చిన్న పరికరం) రెండు చేతులకూ రెండు చీలమండలకూ పై బీపీ కొలవాలి. చీలమండ అంకెను, చేతుల్లో ఎక్కువ వచ్చిన అంకెతో భాగించాలి. చేతిలో 140, చీలమండలో 98 వస్తే 0.7. లెక్క 0.9 గానీ అంతకు తక్కువ గానీ అయితే నాళం ఇరుకైనట్టే. ఏళ్లుగా షుగర్ ఉన్నవారిలో నాళం గట్టిపడి 1.4 దాటవచ్చు, బాగుందని రాసి పంపేయకూడదు, కాలి బొటనవేలి బీపీ చూడాలి.

2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. ఇప్పుడు రూ.10 లక్షల దాకా వైద్యం భరిస్తున్న సర్కారు ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికీ ఒక చేతి డాప్లర్ ఇవ్వాలి. 50 దాటి షుగరో బీడీయో ఉన్నవారందరికీ ఈ కొలత తీయించాలి.

బీడీ పూర్తిగా మానాలి. నొప్పి వచ్చేదాకా నడిచి, ఆగి, మళ్లీ నడవాలి. వారానికి మూడు రోజులు, అరగంటకు తగ్గకుండా, మూడు నెలలు. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ గోలీ నొప్పికి కాదు, నాళంలో కొవ్వు మీది ఆ పొర చిట్లకుండా ఉండేందుకు. నొప్పి పోయిందని ఆపరాదు. నొప్పి సూదులు మాత్రం బీపీని పెంచి, మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, తిమ్మిరెక్కితే కాలిని కాపాడుకోవడానికి ఉన్న గడువు దాదాపు ఆరు గంటలే. దేవరకొండలో ఉన్నా అచ్చంపేటలో ఉన్నా తెల్లారేదాకా ఆగవద్దు, వెంటనే 108కి ఫోన్ చేయాలి.