నల్ల ట్రంకు పెట్టె గారికి, విదేశీ పోస్టింగు విషయమై

నౌసేనా బాగ్, విశాఖపట్నం

మహారాజశ్రీ నల్ల ట్రంకు పెట్టె గారికి,

నమస్కారాలు. నేవీలో ఉన్న ఇంటాయనకి విదేశీ పోస్టింగు ఆర్డరు వచ్చిందన్న సంగతి మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. మంచం కింద నుంచి మిమ్మల్ని బయటికి ఈడ్చారు, మూత మీద పాత అడ్రసు గీకేశారు, కొత్తది రాయడానికి తెల్ల పెయింటు డబ్బా కూడా తెచ్చిపెట్టారు. ఆ డబ్బా మూత తీయకముందే ఈ ఉత్తరం చదువుకోండి. ఈసారి మీరు రావడం లేదు.

కోప్పడకండి. మీ సర్వీసు మీద మాకు గౌరవం ఉంది. విశాఖ నుంచి కొచ్చి, కొచ్చి నుంచి ముంబయి, ముంబయి నుంచి కార్వార్, మళ్ళీ విశాఖ. లారీ ఎక్కించేటప్పుడు అందరికంటే ముందు మీరు, దించేటప్పుడు అందరికంటే ఆఖరున మీరు. పదిహేనేళ్ళు చేస్తే నావికుడికి పెన్షను వస్తుంది, మీకు అదీ లేదు. ఈ ఊరి ఉప్పుగాలికి అడుగు రేకు తుప్పు పట్టకుండా నాలుగు ఇటుకల మీద కూర్చోబెట్టడమే మీకు దక్కిన గౌరవం. 2014 అక్టోబరులో హుద్‌హుద్ వచ్చి వాననీళ్ళు గదుల్లోకి తోసినప్పుడు ఆ ఇటుకల విలువ కాలనీ మొత్తానికీ తెలిసొచ్చింది.

కాని మీకొక జబ్బు ఉంది. మీరెక్కడికి వెళ్తే ఇల్లు అక్కడికి వచ్చేస్తుందనుకుంటారు. దేశంలో అది నిజంలాగే కనిపిస్తుంది. రైలు దిగేసరికి క్వార్టరు తాళం చేతికొస్తుంది. ఎమ్‌ఈఎస్ (మిలిటరీ క్వార్టర్లు చూసుకునే శాఖ) వారి మంచాలు, బల్లలు, ఫ్యాన్లు లెక్కపెట్టి మార్చింగ్ ఇన్ కాగితం మీద సంతకం పెడితే కాపురం మొదలు. నెల సరుకులకు క్యాంటీను, పిల్లలకు కేంద్రీయ విద్యాలయమో నేవీ స్కూలో. జ్వరమొస్తే నేవీ ఆసుపత్రులున్నాయి, ఇక్కడ కల్యాణి, ముంబయిలో అశ్విని, కొచ్చిలో సంజీవని, కార్వార్‌లో పతంజలి. మీరు మోసింది సామాన్లే నండి, ఇల్లు మోసింది నేవీ. దేశం దాటాక ఆ మోసేవాళ్ళు ఉండరు. అప్పుడు మీ పొట్టలో ఉన్నది ఎందుకు పనికొస్తుందో లెక్క తేలుతుంది.

ముందు మీ కొలతల సంగతి. విమానంలో లగేజీకి పెట్టెకు 23 కిలోలు అన్నది చాలా కంపెనీల ఎకానమీ టికెట్ల లెక్క. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపితే 158 సెంటీమీటర్లు, అంటే 62 అంగుళాలు దాటకూడదు. మీ పెద్దన్నగారు, 36 బై 20 బై 16 వారు, 72 దగ్గర ఆగుతారు. మీరు 30 బై 18 బై 14, సరిగ్గా 62. కాని కొలిచేవాడు మీ కడియాలనీ గొళ్ళేన్నీ వదిలేసి కొలవడు. బరువు చూద్దామా అంటే మీలో మందపాటి రేకు వారు ఖాళీగానే పది కిలోలకు తక్కువ తూగరు. మిగిలిన పదమూడు కిలోల్లో నలుగురి కాపురం సర్దమంటారా? ఇక మీ ఇత్తడి తాళం కప్ప. అమెరికా విమానాశ్రయాల్లో తనిఖీ వాళ్ళు తమ దగ్గరున్న తాళంచెవితో తెరుచుకునే రకాన్నే తెరుస్తారు, తెరుచుకోకపోతే కోసేస్తారు. అలీగఢ్ తాళమని చూసి వదిలిపెట్టరు.

నేవీ పెట్టెను కదా, ఓడ మీద వస్తానంటారేమో. ఓడలో వెళ్ళాలంటే మీకు చుట్టూ చెక్క పెట్టె కట్టాలి. ఆ చెక్క మధ్య వరకూ 56 డిగ్రీల వేడిలో అరగంట ఉండి, దాని మీద గోధుమ కంకి ముద్ర, పక్కన హెచ్‌టీ అన్న అక్షరాలు పడాలి. లేకపోతే అవతలి రేవులో తిప్పి పంపుతారు, లేదా తగలబెడతారు. కంచరపాలెంలో మామిడి చెక్కతో చవగ్గా కొట్టించిన పెట్టెకు ఆ ముద్ర ఉండదు. ముద్ర ఉన్నా కంటెయినర్ లోపల పగటి వేడికీ రాత్రి చలికీ కప్పు నుంచి చెమట కారుతుంది, ఆ నీళ్ళు పడేది మీ మూత మీదే. చెమ్మ పీల్చే సంచులు వేలాడదీయకపోతే మీరు దిగేసరికి రంగు మారి ఉంటారు.

ఇంకో మాట, నొచ్చుకోకండి. మీ నుదుటి మీద తెల్ల అక్షరాలతో ర్యాంకు, నంబరు, యూనిట్ పేరు ఉంటాయి. విశాఖ స్టేషన్లో అవి చూసి కూలీలు కూడా కాస్త గౌరవంగా దించుతారు. పరాయి దేశంలో ఆ మూడూ దారిన పోయేవాళ్ళ కంట పడకూడనివి. అక్కడ పెట్టె మీద పేరు, ఫోన్ నంబరు చాలు. అదే చీటీ ఇంకొకటి లోపల కూడా పడేయాలి, బయటిది ఊడిపోతుంది కాబట్టి.

మీ గర్భంలోని సరుకు సంగతికొద్దాం. అమెరికాకు మన దేశం నుంచి బియ్యం తేనివ్వరు, ఖప్రా అనే పురుగు భయం. పచ్చి కరివేపాకూ తేనివ్వరు, అది నిమ్మజాతి చెట్ల తెగుళ్ళను మోసుకొస్తుందని. బ్రిటన్‌లో మాంసం, పాలతో చేసినవి కుదరవు, అంటే అత్తగారు కాచిన నెయ్యి డబ్బా కుదరదు. గల్ఫ్‌లో గసగసాలు ఉంటే కూరకు ముందే కేసు. ఏ దేశమైనా తిండి ఉందా అని ఫారంలో అడిగితే ఉంది అనే రాయాలి. రాసి చూపిస్తే మహా అయితే తీసి పక్కన పెడతారు, దాచి దొరికితే జరిమానా. ఇక్కడ నెల సరుకంతా మీలో కుక్కినట్టు అక్కడ కుదరదని ఇంకా చెప్పాలా?

ఆవకాయ మాత్రం వెళ్ళాలి, అందులో వాదన లేదు. విమానం పైకెళ్ళాక లోపలి గాలి ఒత్తిడి దాదాపు ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంతకు పడిపోతుంది. జాడీలో పైన మిగిలిన గాలి ఉబ్బి నూనెను మూత సందులోంచి తోస్తుంది. మీ అడుగున ఉన్న ఎర్ర మరకలకు అరకు ఘాట్ రోడ్డు మీద వేసిన నింద అబద్ధం కాకపోవచ్చు, అక్కడా ఎత్తే. మందు ఇదీ: పైన తేలిన నూనె వంపేసి, ముక్కను గట్టిగా అదిమి, సీసాలో గాలి జాగా తగ్గించాలి. మూతి మీద పల్చటి ప్లాస్టిక్ కాగితం బిగించి దాని మీద మరమూత పెట్టి, టేపు చుట్టి, రెండు జిప్ సంచుల్లో పెట్టి, పాత తువ్వాలులో చుట్టి సూట్‌కేసు నడుమ నిలబెట్టాలి. నువ్వుల నూనె అక్కడే కొని, కాచి, చల్లార్చి పోసుకోవచ్చు.

ఇప్పుడు మీ ఆప్తమిత్రుడు మిక్సీ. ఆయనకి మీలోనే సీటు రిజర్వు అయి ఉంటుందని తెలుసు. ఆయన 230 ఓల్టుల మనిషి. లండన్ వెళ్తే ఇబ్బంది లేదు, ప్లగ్గు మార్చాలి, అంతే. వాళ్ళ ప్లగ్గులోనే చిన్న ఫ్యూజు ఉంటుంది. 700 వాట్లు దాటిన వాటికి 13 ఆంపియర్లది వేయాలి, పొరపాటున 3 ఆంపియర్లది ఉంటే మొదటి పచ్చడికే పోతుంది. మాస్కోలోనూ 230 ఓల్టులే, గుండ్రటి రెండు పుల్లల సాకెట్టు. మారిషస్‌లోనూ 230 ఓల్టులే. (మారిషస్‌కు డెప్యుటేషను పడితే అదృష్టమే, అక్కడ ఉగాదికి సెలవిస్తారు, బడిలో తెలుగు చెప్తారు.)

గొడవంతా వాషింగ్టన్‌లో. అక్కడ 120 ఓల్టులు. ఫోను, లాప్‌టాప్ చార్జర్ల మీద 100–240 అని రాసి ఉంటుంది కాబట్టి వాటికి ప్లగ్గు అడాప్టరు చాలు. అడాప్టరు పుల్లల ఆకారం మారుస్తుంది, ఓల్టేజిని కాదు. ఈ తేడా తెలియక మిక్సీకి కూడా అదే తగిలించే ఇళ్ళు ప్రతి పోస్టింగులోనూ ఉంటాయి. సగం ఓల్టేజికి మోటారు బలం దాదాపు పావు వంతుకు పడిపోతుంది. మినప్పిండి దగ్గర బ్లేడు ఆగిపోతుంది, ఆగిన మోటారు వేడెక్కుతుంది, చుట్టల మీది వార్నిష్ కాలిన వాసన వస్తుంది. ట్రాన్స్‌ఫార్మరు కొందామంటే, 750 వాట్ల మిక్సీ మొదలయ్యే క్షణంలో అంతకు రెండు మూడింతలు లాగుతుంది. అందుకని 1000 వాట్లది కాదు, 2000 వాట్లది కావాలి. అది మోయడానికే ఇంకో మనిషి కావాలి. పైగా ఒక సాకెట్టు లైను 15 ఆంపియర్లదైతే మొత్తం 1800 వాట్లే. అదే లైన్లో మైక్రోవేవ్ తిరుగుతుంటే బ్రేకరు పడిపోతుంది. వెట్ గ్రైండరు కథ వేరు. దాని మోటారు కరెంటు పౌనఃపున్యాన్ని బట్టి తిరుగుతుంది, మనది 50, వాళ్ళది 60. ట్రాన్స్‌ఫార్మరు దాన్ని మార్చలేదు కాబట్టి రాళ్ళు అయిదో వంతు ఎక్కువ వేగంతో తిరుగుతాయి. మా తీర్పు: మిక్సీని ఆడపడుచుకి ఇచ్చి, 110 ఓల్టుల మన మిక్సీ ఒకటి కొనుక్కోవడం.

కుక్కరు వెళ్ళొచ్చు. మొదట అడుగున అయస్కాంతం పెట్టి చూడండి, అంటుకోకపోతే ఇండక్షన్ పొయ్యి మీద అది కుక్కరు కాదు, పూలకుండీ. రెండు గ్యాస్కెట్లు, రెండు సేఫ్టీ వాల్వులు అదనంగా పెట్టుకోవాలి.

ఇవన్నీ సరే, అసలు వెళ్ళాల్సినవి మీలో ఎప్పుడూ అడుగునే ఉండిపోయాయి. పట్టుచీరల కింద, గమేక్సిన్ వాసన పట్టిన ఆ కాగితాల కవరు. మన ప్రభుత్వ టీకాల పట్టికలో పిల్లలకు వేసేది ఎమ్‌ఆర్ (తట్టు, రుబెల్లాలకు), అందులో గవదబిళ్ళల మందు లేదు. చికెన్‌పాక్స్ టీకా అసలే లేదు. అమెరికా బడులు రెండూ అడుగుతాయి. గవదబిళ్ళల మందు కూడా ఉన్న ఎమ్‌ఎమ్‌ఆర్, చికెన్‌పాక్స్ ఒకే రోజు వేయించొచ్చు, ఆ రోజు తప్పితే మధ్యలో 28 రోజులు ఆగాలి. పదమూడేళ్ళ లోపు వాళ్ళకి చికెన్‌పాక్స్ రెండో డోసు మామూలుగా మూడు నెలలకు. కాబట్టి ఆర్డరు చేతికొచ్చిన వారమే కల్యాణిలో క్యూ కట్టాలి, పెయింటు డబ్బా కొనడం కాదు. పుట్టినప్పుడు టీబీ టీకా బీసీజీ వేసి ఉంటుంది గనుక చేతి మీద చేసే టీబీ పరీక్ష ఉబ్బి చూపించొచ్చు. బీసీజీ కార్డు చూపించి రక్తపరీక్ష అడగాలి.

తేదీలు కూడా చూసుకోవాలి. మనం నేవీ డేని 04-12 అని రాస్తే అమెరికాలో అది ఏప్రిల్ పన్నెండు. టీసీలో, టీకా కార్డులో నెల పేరు అక్షరాల్లో రాయించుకుంటే ఆ తంటా ఉండదు. ప్రభుత్వ పని మీద వెళ్ళేవాళ్ళకిచ్చే తెల్ల పాస్‌పోర్టు చేయించేటప్పుడు ఇంటిపేరు గడి ఖాళీగా వదలొద్దు. వదిలితే అమెరికా వీసాలో ఉన్న ఒక్క పేరూ ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, పేరు గడిలో ఎఫ్‌ఎన్‌యూ అని పడుతుంది. పేరు తెలియదని దాని అర్థం. బళ్ళో టీచరు హాజరు పిలిచేటప్పుడు పిల్లవాణ్ణి అలాగే పిలుస్తుంది.

చివరగా, మీ కొత్త డ్యూటీ. గాజువాకలో అమ్మమ్మగారింట్లో, వెనక గదిలో, ఇటుకల మీద. కడియాలకు నెలకోసారి కొబ్బరినూనె రాస్తారు. మూడేళ్ళకు మేం తిరిగొచ్చేటప్పుడు ఖాళీగా రాము, ముందే చెప్తున్నాం. 120 ఓల్టుల మైక్రోవేవ్, 120 ఓల్టుల కాఫీ మెషీను, 120 ఓల్టుల రొట్టె పొయ్యి వస్తాయి. మొదటిదాన్ని ఎవరో ఉత్సాహంగా గోడకి తగిలిస్తారు, 230 ఓల్టులకు అది టప్‌మని పొగ వదులుతుంది. మిగతా రెండింటినీ పారేయడానికి మనసు రాదు, తెచ్చి మీ మీద పెడతాం. మీదనే అన్నాం, లోపల కాదు. లోపల చీరలున్నాయి.

ఇట్లు,
నౌసేనా బాగ్ క్వార్టర్ల ఇల్లాళ్ళు