పెట్టే చేతికీ శిక్షణ కావాలి

పుట్టినరోజుకో, పెళ్లిరోజుకో, పెద్దల వర్ధంతికో వృద్ధాశ్రమంలో ఒక పూట భోజనం పెట్టించడం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇప్పుడు బాగా పాకిన అలవాటు. మంచి అలవాటే. బిర్యానీ, అరటిపళ్లు, ఒక మిఠాయి పట్టుకుని వస్తారు. వరుసగా కూర్చోబెట్టిన పెద్దలకు వడ్డిస్తారు. వారిలో బాగా నీరసించిన ఒకరిని ఎంచుకుని, నోట్లో లడ్డూ ముక్క పెడుతూ ఫోటో దిగి వెళ్తారు. మా అభ్యంతరం ఆ లడ్డూ ముక్క దగ్గరే. పక్షవాతం నుంచి కోలుకుంటున్న మనిషికి, పొడిపొడిగా రాలిపోయే మిఠాయి గొంతు దిగడం చాలా కష్టం. ఆ సంగతి దాతకు తెలియదు. పక్కనే నిలబడ్డ ఆయాకు ఎవరూ చెప్పలేదు. ఆశ్రమం నడిపేవారు ఆ సమయానికి దాతలకు శాలువా కప్పే హడావుడిలో ఉంటారు.

అన్నం పెట్టడానికి కూడా శిక్షణ ఏమిటని నవ్వేవారు ఉంటారు. పిల్లలకు పెట్టలేదా, అత్తమామలకు పెట్టలేదా అని అడుగుతారు. పెట్టారు, కాదనలేము. కానీ పసిబిడ్డ గొంతు రోజురోజుకూ మింగడం నేర్చుకుంటుంది. పక్షవాతం, పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు), డిమెన్షియా (మతిమరుపు జబ్బు) వచ్చిన పెద్దల గొంతు నేర్చుకున్నది కొంచెం కొంచెంగా మరిచిపోతుంది. నాలుక ముద్దను వెనక్కి నెట్టాలి, అది దిగే క్షణంలో శ్వాసనాళం మూసుకోవాలి, మళ్లీ తెరుచుకోవాలి. ఈ వరుస తప్పితే మెతుకో నీటిబొట్టో ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. అక్కడి నుంచి న్యుమోనియా. పడకమీద ఉన్న వృద్ధుడికి జ్వరం, ఆయాసం వచ్చి నాలుగు రోజుల్లో ప్రాణం పోతే వయసు మీద పడిందని సరిపెట్టుకుంటాం. ఆ ఊపిరితిత్తుల్లో ఏ పూట తిన్న అన్నం చేరిందో అడిగేవారు ఉండరు.

భోజనం మధ్యలో పొలమారితే మనం చేసే పని ఒకటుంది. నెత్తిన రెండు దెబ్బలు తట్టి, ‘ఎవరో తలుచుకుంటున్నారు’ అని నవ్వి, గ్లాసుతో నీళ్లు పడతాం. ఆరోగ్యంగా ఉన్నవారికి దానివల్ల నష్టమేమీ లేదు. మింగే శక్తి తగ్గినవారికి మాత్రం అంతకంటే ప్రమాదం ఇంకొకటి ఉండదు. పలుచని నీళ్లు గొంతు సిద్ధం కాకముందే జారిపోతాయి. అన్నం కంటే నీళ్లు మింగడమే వారిలో చాలామందికి కష్టం. మనం తేలికపాటి ఆహారమని పెట్టే మజ్జిగ అన్నం కూడా ఇలాంటిదే. నోట్లో పెట్టగానే మజ్జిగ ముందు జారుతుంది, మెతుకులు వెనక మిగిలిపోతాయి. చిక్కగా కాచిన చోడి (రాగి) అంబలి చాలామందికి ఇంతకంటే సుఖంగా దిగుతుంది. అయితే ఎవరికి ఎంత చిక్కదనం ఉండాలో చెప్పాల్సింది డాక్టరో నర్సో. వంటమనిషి అంచనాకు వదిలేసే విషయం కాదది. ఇంకో సంగతి: పొలమారిన ప్రతిసారీ దగ్గు వస్తుందన్న భరోసా కూడా లేదు. కొందరికి ఏ అలికిడీ లేకుండానే లోపలికి జారిపోతుంది. తిన్న తర్వాత గొంతు తడితడిగా, గురగురమంటూ పలకడం ఒక గుర్తు. బుగ్గలో ముద్ద అలాగే ఉండిపోవడం మరొకటి. ఇవి చూసి పట్టుకోవాలంటే ఎవరో ఒకరు ముందు చూపించి ఉండాలి.

సరైన పద్ధతి పెద్ద విద్య కాదు, ఓపికతో కూడిన పని. మనిషిని నిటారుగా కూర్చోబెట్టాలి. దిండుకు చేరగిలబెట్టి, తల వెనక్కి వాలి ఉండగా పెట్టకూడదు. పెట్టేవారు నిలబడకుండా ఎదురుగా, కళ్లకు కళ్లు కలిసే ఎత్తులో కూర్చోవాలి. నిలబడి పెడితే తినేవారు తల పైకెత్తుతారు, అప్పుడు శ్వాసనాళం దారి మరింత తెరుచుకుని ముప్పు పెరుగుతుంది. చిన్న చెంచాతో కొంచెం పెట్టి, గొంతు ముడి పైకి లేచి కిందికి దిగడం కళ్లారా చూశాకే మరో చెంచా పెట్టాలి. కట్టుడు పళ్లు పెట్టారో లేదో ముందే చూసుకోవాలి. శుక్లాలతో చూపు మందగించినవారికి ‘ఇది పప్పు, ఇది బీరకాయ’ అని చెబుతూ పెట్టాలి. ఏమి తింటున్నామో తెలియకుండా నోరు తెరవడం ఎవరికైనా అవమానమే. తిన్నాక నోరు శుభ్రం చేయాలి, అరగంట వరకు పడుకోబెట్టకూడదు. ఇంత జాగ్రత్తగా పెడితే ఒక్కొక్కరికి అరగంట దాటుతుందని అమెరికాలో నర్సింగ్ హోముల (అక్కడ వృద్ధులను ఉంచి చూసుకునే సంరక్షణ కేంద్రాల) మీద పరిశోధన చేసినవారు గమనించారు. మన ఆశ్రమాల్లో వంట, స్నానాలు, బట్టలు, పక్కలు అన్నీ చూసే ఒక్క ఆయా పది మందికి ఆ అరగంటలు ఎక్కడి నుంచి తెస్తుంది?

ఆ పరిశోధనలు జరిగిన దేశంలోనే దీనికి ఒక నిబంధన ఉంది. భోజనం పెట్టడానికి ప్రత్యేకంగా జీతమిచ్చి సహాయకులను పెట్టుకోవచ్చని అమెరికా ప్రభుత్వం 2003లో నర్సింగ్ హోములకు అనుమతి ఇచ్చింది. కనీసం 8 గంటల శిక్షణ తప్పనిసరి. తినిపించే పద్ధతులు, నీళ్లు పట్టడం, మాట తీరు, శుభ్రత, గొంతుకు అడ్డం పడితే చేయాల్సిన అత్యవసర చికిత్స, పెద్దల హక్కులు, వారిలో మార్పు కనబడితే నర్సుకు చెప్పడం, ఇవన్నీ ఆ శిక్షణలో ఉండాలి. అసలు విషయం తర్వాత వస్తుంది. ఈ సహాయకులు నర్సు పర్యవేక్షణలోనే పని చేయాలి. మింగడంలో ఇబ్బంది ఉన్నవారికి, తరచూ ఆహారం ఊపిరితిత్తుల్లోకి పోయేవారికి, గొట్టం ద్వారా ఆహారం తీసుకునేవారికి వారు పెట్టకూడదు. ఎవరికి పెట్టవచ్చో నర్సు పరిశీలించి నిర్ణయిస్తుంది. అక్కడ కూడా దీన్ని అందరూ హర్షించలేదు. నర్సు సహాయకులకు కనీసం 75 గంటల శిక్షణ ఉండగా, 8 గంటలు నేర్చుకున్నవారిని చవగ్గా తెచ్చి వారి స్థానంలో కూర్చోబెడతారని వృద్ధుల పక్షాన నిలిచే సంఘాలు అనుమానించాయి. ఆ అనుమానం అర్థవంతమైనదే. శిక్షణ పత్రం ఒకటి చేతికిచ్చి, పర్యవేక్షణ గాలికి వదిలితే జరిగేది అదే. మన దగ్గర పత్రమూ లేదు, పర్యవేక్షణా లేదు. మొదలుపెట్టేటప్పుడే రెండూ కలిపి తెచ్చే అవకాశం మనకు ఉంది.

అమెరికా నిబంధన ఊహించని చిక్కు ఒకటి మన శ్రీకాకుళం జిల్లాకు ఉంది. ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతంలో మూత్రపిండాల వ్యాధి ఎంతమందిని పడగొట్టిందో పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023లో వచ్చాయి. డయాలసిస్ చేయించుకుంటూ ఆశ్రమంలో ఉండే పెద్దమనిషికి మండుటెండలో చల్లగా కొబ్బరినీళ్లు ఇవ్వడం ఉద్దానంలో సహజమైన ప్రేమ. పెరట్లోనే చెట్టు ఉంటుంది మరి. కానీ కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. మూత్రపిండాలు దాన్ని బయటకు పంపలేకపోతే గుండె లయ తప్పుతుంది. అరటిపండు సంగతీ అంతే, దాతలు గెలలు గెలలుగా పంచే ఆ అరటిపండే. అలాంటివారికి రోజుకు ఎన్ని నీళ్లు తాగాలో డాక్టరు కొలిచి చెబుతారు. వారి పక్క మంచంలోని ఆవిడ సమస్య దీనికి పూర్తిగా తలకిందులు. మాటిమాటికీ మరుగుదొడ్డికి తీసుకెళ్లమని అడగడానికి మొహమాటపడి ఆమె అసలు నీళ్లే తాగదు. ఒకే గదిలో ఒకరికి నీళ్లు తగ్గించాలి, మరొకరికి బతిమాలి పట్టాలి. చెంబు పట్టుకున్న ఆయాకు ఈ తేడా నోటి మాటగా ఒకసారి చెబితే గుర్తుండదు. మంచం దగ్గర రాసి ఉండాలి.

మందులతో ముడిపడిన విషయం మరీ సున్నితం. కార్తీక సోమవారం నాడు చుక్క చూసేదాకా తిననని పట్టుపట్టే పెద్దావిడలు ప్రతి ఆశ్రమంలోనూ ఉంటారు. అది ఆమె నియమం, ఆమె హక్కు. ఆమెకు షుగరు ఉండి, ఉదయం ఇన్సులిన్ సూది పడి ఉంటే మాత్రం మధ్యాహ్నానికి సోయి తప్పవచ్చు. ఇక్కడ ఆయా చేయాల్సింది బలవంతంగా తినిపించడం కాదు, ‘ఈరోజు తినలేదు’ అని నర్సుకు వెంటనే చెప్పడం. సూది మోతాదు ఎంత ఉండాలో నర్సు, డాక్టరు చూసుకుంటారు. డిమెన్షియా ఉన్నవారు మొహం తిప్పుకుంటే ముక్కు మూసి నోట్లో పోసే దుర్మార్గం కూడా ఇక్కడే ఆగాలి. కాసేపు ఆగి మళ్లీ అడగాలి. అప్పటికీ వద్దంటే ఆ పూట తినలేదని పుస్తకంలో రాయాలి.

పుస్తకం అంటే పెద్ద రిజిస్టరు అక్కరలేదు. పూటపూటకూ ఎవరు పూర్తిగా తిన్నారు, ఎవరు సగం, ఎవరు పావు అని గీతలు పెట్టినా చాలు. నెలకొకసారి బరువు చూడాలి. నెల రోజుల్లో బరువు నూటికి 5 వంతులు తగ్గితే తీవ్రంగా పరిగణించడం అమెరికా నర్సింగ్ హోముల్లో పద్ధతి. అంటే 50 కిలోల మనిషి రెండున్నర కిలోలు తగ్గడం. చీర కట్టులో, లుంగీ మడతలో అది కంటికి ఆనదు. తూకంలోనే తెలుస్తుంది.

ఇదంతా ఎవరు చేయాలి? తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. జిల్లాకు కనీసం ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మంది నిరుపేద వృద్ధులకు చోటు అని 19వ సెక్షన్ చెబుతుంది. ఆశ్రమాల నిర్వహణకు ప్రమాణాలు, సేవలు నిర్దేశిస్తూ రాష్ట్ర ప్రభుత్వం పథకం రూపొందించవచ్చని కూడా అదే సెక్షన్‌లో ఉంది. ఆశ్రమాల రిజిస్ట్రేషన్, కనీస ప్రమాణాల కోసం 2019లో లోక్‌సభలో పెట్టిన సవరణ బిల్లు చట్టం కాలేదు. దాని కోసం కాచుకుని కూర్చోనక్కరలేదు. ఉన్న సెక్షన్ కింద భోజన సహాయానికి ప్రమాణాలు పెట్టడానికి ఢిల్లీ అనుమతి ఎందుకు? బడి పిల్లల మధ్యాహ్న భోజనానికి ఏ రోజు ఏమి పెట్టాలో పట్టిక ఉంది, వారి కంటే ముందు టీచరు రుచి చూడాలన్న నియమం ఉంది. నోరు తెరిచి ఫిర్యాదు చేయలేని వృద్ధుల కంచం దగ్గరకు వచ్చేసరికి ప్రభుత్వానికి ఏ పట్టికా గుర్తు రాదు.

ఇరవై, ముప్పై మంది ఉన్న చిన్న ఆశ్రమం పూర్తికాలం నర్సును పెట్టుకోలేదన్న వాదన మాకు తెలుసు. దాతల దయ మీద నడిచేచోట అది నిజం కూడా. అందుకే మా సూచన మరోలా ఉంది. గ్రామాల్లోని హెల్త్ క్లినిక్‌లలో పనిచేసే మిడ్ లెవల్ హెల్త్ ప్రొవైడర్లు నర్సింగ్ చదివినవారే. తమ పరిధిలోని ఆశ్రమానికి వారు వారానికి ఒక్క భోజన వేళ వెళ్లగలిగితే చాలా మార్పు వస్తుంది. ఖాళీ సమయంలో వెళ్లి సంతకం పెట్టి రావడం కాదు, కంచాలు వడ్డించే వేళకు వెళ్లాలి. ఆయా ఎవరికి పెట్టవచ్చు, ఎవరికి తాము దగ్గరుండి పెట్టించాలి, ఎవరిని డాక్టరుకు చూపించాలి అన్నది నెలకోసారి తేల్చి రాయాలి. శ్రీకాకుళం, విజయనగరం రెండుచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు ఉన్నాయి, నర్సింగ్ విద్యార్థులకు కొదవ లేదు. ఒక్క రోజు శిక్షణ ఇవ్వడం వారికి భారం కాదు. గొంతుకు అడ్డం పడితే వీపు మీద ఐదు దెబ్బలు, తగ్గకపోతే పొట్ట పైభాగాన ఐదు నొక్కులు, ఇది బొమ్మ మీద చేయించి చూపాలి. ఉపన్యాసం విని ఎవరూ నేర్చుకోరు. బ్రిటన్ ఆసుపత్రుల్లో సాయం కావలసినవారికి ఎర్ర ట్రేలో భోజనం పంపే పద్ధతి ఉంది. మన దగ్గర అంచున ఎర్ర గీత గీసిన స్టీలు కంచం సరిపోతుంది.

పర్యవేక్షణ అనగానే ఆయా మీద నిఘా అనుకునే ప్రమాదం ఉంది. ఇప్పటిదాకా ఏదైనా జరిగితే నింద పడేది ఆమె మీదే. చదువు చెప్పకుండా, సమయం ఇవ్వకుండా, పది పనులు అప్పగించి, ఆఖరికి ‘నీవే సరిగ్గా పెట్టలేదు’ అనడం అన్యాయం. నేర్చుకున్న ఆయాకు ‘ఈ పూట నేను పెట్టను, నర్సుకు ఫోను చేయండి’ అనే అధికారం ఉండాలి, అలా అన్నందుకు ఆమె జీతం కోయకూడదు. నేర్చుకున్నందుకు కాస్త జీతం పెరగాలి కూడా. పిల్లలు హైదరాబాదుకో, చెన్నైకో, గుజరాత్ రేవుల్లో చేపల వేటకో వెళ్లిపోయిన ఇళ్ల పెద్దలకు ఈ రెండు జిల్లాల్లో ఆశ్రమాల అవసరం పెరుగుతోంది. ఆ పని చేసే స్త్రీలు చుట్టుపక్కల పల్లెలవారే. విభిన్న ప్రతిభావంతులు, వయోవృద్ధుల సంక్షేమ శాఖ, జిల్లా వైద్య ఆరోగ్య శాఖ కూర్చుని ఎవరి వాటా ఎంతో తేల్చుకుంటే, కలెక్టరు ఒక ఉత్తర్వు ఇస్తే, మొదటి శిక్షణ తరగతి జరపడానికి పెద్ద నిధులు కూడా అక్కరలేదు.

ఆ కాస్త ఖర్చుకూ దారి ఉంది. చాలా ఆశ్రమాల గుమ్మం పక్కన ఒక బోర్డు వేలాడుతుంది: ఉదయం టిఫినుకు ఇంత, మధ్యాహ్న భోజనానికి ఇంత, రోజంతటికీ ఇంత అని. అదే బోర్డు మీద ‘ఒక ఆయాకు శిక్షణ’, ‘నర్సు ఒక రోజు వచ్చి వెళ్లడానికి’ అని మరో రెండు వరుసలు చేర్చి, వాటి ఎదురుగా మొత్తం రాయాలి. వచ్చే పుట్టినరోజుకు కొందరు దాతలైనా ఆ వరుసలను ఎంచుకుంటారు.