‘ఏమీ తీసుకోలేదండీ’ గారికి ఓ బహిరంగ లేఖ

అయ్యా,

క్యాజువాలిటీలో మీకున్నంత సీనియారిటీ మాలో ఎవరికీ లేదు. స్ట్రెచర్ తలుపు దాటకముందే మీరు హాజరు. ఇరవై ఎనిమిదేళ్ల కుర్రాడు చెమటలో తడిసి, పిడికిలితో రొమ్ము నొక్కుకుంటూ వస్తాడు. చొక్కా గుండీలు విప్పి ఈసీజీ తీగలు తగిలిస్తూ మత్తుపదార్థాల సంగతి తేల్చుకోవడానికి “ఏమైనా తీసుకున్నావా బాబూ?” అని అడుగుతాం. అతను ఓసారి పక్కనున్న అమ్మ మొహం చూస్తాడు. అంతే, ‘ఏమీ తీసుకోలేదండీ’ అంటూ అతని నోటి నుంచి మీరు ఊడిపడతారు. చివర్లో ఆ ‘అండీ’ ఒక్కటి చాలు మమ్మల్ని పడగొట్టడానికి. అంత మర్యాదస్తుడు అబద్ధం ఎందుకాడతాడు?

పైగా వయసు మీకు పెట్టని కోట. ముప్పై నిండనివాడికి గుండెపోటేమిటి, గ్యాసై ఉంటుందిలే అని సగం దారి మేమే మీకు ఎదురొస్తాం. (గ్యాస్ మీకు వేలువిడిచిన మేనమామ అని మా అనుమానం. ఇద్దరూ కలిసే వస్తారు.)

మీరు పలుకుతున్న ఆ రెండు క్షణాల్లో అతని ఒంట్లో ఏం నడుస్తోందో మీకు చెప్పినవాళ్లు లేనట్టుంది. అతను పీల్చింది కొకైన్ అనుకోండి. నరాల కొసల నుంచి వెలువడిన, గుండె వేగం పెంచే నార్‌ఎడ్రినలిన్ పని కాగానే మళ్లీ వెనక్కి పోవాలి. కొకైన్ ఆ దారి మూసేస్తుంది. వెనక్కి పోలేని రసాయనం గుండెను తరుముతూనే ఉంటుంది. వేగమూ బీపీ పెరిగి, గుండె కండరం ఇంకా ఆక్సిజన్ తెమ్మని కేకలు పెడుతుంది. సరిగ్గా అప్పుడే ఆ ఆక్సిజన్ మోసే కరొనరీ నాళాలు బిగుసుకుంటాయి. ప్లేట్‌లెట్లు ఒకదాన్నొకటి అంటుకుని రక్తం గడ్డకట్టడానికి సిద్ధమవుతాయి. ఇంటిఖర్చు రెండింతలు చేసి, జీతం ఆపేసి, ఆ పైన వీధి తలుపుకి తాళం వేసినట్టు. నాళాల్లో కొవ్వు పేరుకోని కుర్రాడికి కూడా గుండెపోటు రావడానికి ఈ మూడూ సరిపోతాయి. ఏళ్ల తరబడి వాడేవాడికైతే ఆ కొవ్వు కూడా వయసుకి ముందే పేరుకుంటుంది.

1999లో వెలువడిన ఒక అమెరికా అధ్యయనంలో, కొకైన్ తీసుకున్న తర్వాతి గంటలో గుండెపోటు ముప్పు అదే మనిషికి మామూలు వేళల్లో ఉండేదానికి దాదాపు 24 రెట్లని తేలింది. ‘ఆకే కదండీ’ అనే మీ చెల్లెలున్నారు చూడండి, ఆవిడ లెక్క 2001లో వచ్చింది: గంజాయి పొగ తాగిన మొదటి గంటలో 4.8 రెట్లు. తమ్ముడు ‘వారాంతాల్లో మాత్రమేనండీ’ గారికి విడిగా ఉత్తరం రాయం. ఆ గంట ఏ వారంలో వస్తుందో గుండె చూసుకోదు.

ఇక మీ వల్ల మా చేతులు ఎలా దారి తప్పుతాయో వినండి. గుండె దడ, బీపీ ఎక్కువ, ఛాతీలో నొప్పి. ఇవి చూసిన చెయ్యి అలవాటుగా, గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్లయిన మెటోప్రొలాల్‌ వైపో ప్రొప్రనలాల్‌ వైపో పోతుంది. ఆ రసాయనం వచ్చి తగిలే చోట్లే గ్రాహకాలు. ఈ మందులు వాటిలో బీటా రకాన్ని మూస్తాయి. కొకైన్ రెచ్చగొట్టిన ఆల్ఫా గ్రాహకాలు మాత్రం తెరిచే ఉంటాయి. నాళాలను బిగించేవి అవే. అంటే నొప్పి తగ్గిద్దామని ఇచ్చిన సూది, బిగిసిన నాళాన్ని ఇంకాస్త బిగించవచ్చు. బీటా బ్లాకర్ల సంగతిలో వైద్యుల మధ్య వాదన ఇంకా తెగలేదు. కానీ మత్తు ఒంట్లో ఉన్న తొలి గంటల్లో వాటి జోలికి పోకపోవడమే మాకు నచ్చిన దారి. నిజం తెలిస్తే మొదట ఎక్కించేది లోరాజెపామ్ లాంటి నిమ్మళపరిచే మందు. దాంతోనే దడా బీపీ చాలావరకు దిగివస్తాయి. దానికి తోడు ఆస్పిరిన్, నాలుక కింద నాళాలను వదులు చేసే నైట్రోగ్లిజరిన్.

ఆ నైట్రోగ్లిజరిన్ దగ్గర మళ్లీ మీరే అడ్డం. పార్టీకి వెళ్లేముందు కుర్రాడు వేసుకున్న సిల్డెనఫిల్ (వయాగ్రా) గురించి కూడా మీరు నోరు విప్పరు కదా! అది వేసుకున్న 24 గంటల్లోపు, అదే కోవలోని టాడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రోగ్లిజరిన్ లాంటి నైట్రేట్ ఇస్తే బీపీ పాతాళానికి జారుతుంది. సీసా మూత తీసి గుప్పున పీల్చే పాపర్లు అనే మత్తు ద్రవాలు కూడా నైట్రేట్ల దగ్గరి చుట్టాలైన నైట్రైట్లే కాబట్టి, అవి ఆ మాత్రలతో కలిసినా అదే ప్రమాదం.

ఇంకొకటి. కొకైన్ గుండె కణాల్లో సోడియం దారులను కూడా మూస్తుంది. ఈసీజీలో గుండె కొట్టుకున్నప్పుడు లేచే శిఖరం (క్యూఆర్‌ఎస్) వెడల్పై లయ తప్పుతుంటే సోడియం బైకార్బనేట్ ఎక్కించాలి. కారణం దాచిపెడితే ఆ సీసా అల్మరాలోనే ఉండిపోతుంది. అసలు కుర్రాళ్ల ఈసీజీయే ఓ తిరకాసు. ఏ జబ్బూ లేకున్నా, గుండెపోటులో లాగే, ఎస్‌టీ గీత కాస్త లేచి కనిపించడం వాళ్లలో మామూలే. నిజం తెలిస్తే, గుండె కండరం దెబ్బతింటే రక్తంలో పెరిగే ట్రోపోనిన్ పరీక్ష మళ్లీ చేసి, అవసరమైతే 9 నుంచి 12 గంటలు మానిటర్ కింద ఉంచుతాం. మీ మాట నమ్మితే గ్యాస్ మాత్ర ఇచ్చి పంపేస్తాం.

మీ దాపరికం అన్ని చోట్లా ఒకే వేగంతో చంపదు. కొకైన్‌తో మద్యం కలిస్తే కాలేయం కోకాఎథిలీన్ అనే మూడోదాన్ని తయారుచేస్తుంది. కొకైన్ కంటే ఎక్కువసేపు నిలిచి గుండెను వేధించే సరుకది. మెథాంఫెటమిన్ (మెథ్) అనే మత్తుపదార్థానిది నెమ్మదైన పని. ఏడాది, రెండేళ్లు గడిచాక మెట్లెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు, రెండు దిండ్లు లేనిదే నిద్ర పట్టదు. ఉబ్బసమని పీల్చే మందు చేతికిస్తారు. గుండె స్కాన్ (ఎకో) తీస్తే సంచిలా సాగిపోయిన గుండె, సగానికి పడిపోయిన పంపింగ్. మెథ్ మానేస్తే నెలల మీద ఆ గుండె కోలుకోవచ్చు, చాలామందిలో కోలుకుంటుంది కూడా. మీరు అడ్డుంటే మాత్రం పొద్దున మేమిచ్చే మాత్రని రాత్రి అతను పీల్చే పొగ రద్దు చేస్తుంటుంది. సూదితో ఎక్కించుకునేవాళ్ల జ్వరాన్నయితే మీరు వైరల్ ఖాతాలో వేయిస్తారు. చర్మం మీది స్టఫైలోకాకస్ అనే బ్యాక్టీరియా సూదివెంట రక్తంలోకి దిగి, గుండె కుడివైపు ట్రైకస్పిడ్ కవాటం మీద కూర్చుంటుంది. అక్కడి ముక్కలు విరిగి ఊపిరితిత్తుల్లోకి చేరతాయి. నిజం చెబితే యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే రక్తాన్ని, అందులోని పురుగును పెంచి గుర్తుపట్టే కల్చర్‌ పరీక్షకి పంపుతాం. తర్వాత 4 నుంచి 6 వారాల చికిత్స. చెప్పకపోతే ఏదో ఒక యాంటీబయాటిక్ మూడు రోజులు పడి, కల్చర్‌లో పురుగు దొరక్కుండా పోతుంది.

‘మూత్రపరీక్ష చేసుకోవచ్చుగా, నన్నెందుకు ఆడిపోసుకుంటారు’ అంటారేమో. చేస్తాం. కొకైన్ ఆనవాలు రెండు మూడు రోజులు దొరుకుతుంది. గంజాయి రోజూ తాగేవాడిలో వారాల తరబడి దొరుకుతుంది కాబట్టి నిన్నటిదో పోయిన నెలదో తేల్చదు. కృత్రిమ గంజాయి రకాలు మామూలు మూత్రపరీక్ష పట్టీకి చిక్కనే చిక్కవు. ఎంత, ఎప్పుడు, దేంతో కలిపి అన్నది ఏ పట్టీ చెప్పదు. 2021 ఏప్రిల్‌లో ఫ్రాన్స్‌లో గుండె ఐసీయూల్లో చేరిన 1,499 మందికి వరసగా ఈ పరీక్ష చేశారు. 161 మందిలో ఏదో ఒక మాదకద్రవ్యం బయటపడింది. తీసుకున్నామని నోటితో ఒప్పుకున్నది వాళ్లలో 57 శాతమే. మిగతావాళ్ల తరఫున మీరే మాట్లాడారన్నమాట. ఆస్పత్రిలో ఉండగా మరణం, గుండె ఆగిపోవడం లాంటి పెద్ద ఉపద్రవాలు మాదకద్రవ్యం దొరికినవాళ్లలో 13 శాతం, మిగతావాళ్లలో 3 శాతం.

ఇంతా రాశాక మా వైపు తప్పు కూడా ఒప్పుకోవాలి. మిమ్మల్ని పెంచి పోషించింది చాలావరకు మేమే. అమ్మానాన్నల ఎదుట, పోలీసు గొంతుతో, “డ్రగ్స్ అలవాటుందా?” అంటే మీరు కాక ఇంకెవరొస్తారు? పోనీ మెత్తగా “మందు తీసుకున్నావా?” అంటే ఇంకా చిక్కు. మన భాషలో మందంటే మాత్ర, మందంటే సీసా కూడా. కుర్రాడు తనకు అనుకూలమైన అర్థానికి జవాబిస్తాడు.

అందుకే పద్ధతి మార్చుకున్నాం. ముందు తెర లాగి అందరినీ బయటికి పంపుతాం. “ఇక్కడ నిన్ను తిట్టేవాళ్లు లేరు, ఇచ్చే మందు తప్పు పడకూడదని అడుగుతున్నాం” అంటాం. “తీసుకున్నావా” అన్న మాటే ఎత్తం. “ఈ మూడు రోజుల్లో ఏం తీసుకున్నావు? ముక్కుతోనా, పొగా, మింగావా, సూదా? ఆఖరుసారి ఎన్ని గంటలకి? మద్యం ఎంత? సిల్డెనఫిల్ లాంటి మాత్రలేమైనా?” ఇలా అడిగితే మీకు నిలబడడానికి చోటు దొరకడం లేదని గమనించే ఉంటారు. “పదకొండింటికి, ముక్కుతో రెండు గీతలు, తర్వాత నాలుగు పెగ్గులు” అని ఒకే ఊపిరిలో చెప్పేసినవాడికి సరైన సూది అయిదు నిమిషాల్లో పడుతోంది.

ఇట్లు,
రాత్రి డ్యూటీ వాళ్లం

తా.క. కుర్రాణ్ణి గేటు దగ్గర దించేసి, బండి తిప్పుకుని మాయమయ్యే స్నేహితుడి నోట్లో కూడా మీరే ఉన్నారని తెలుసు. అతన్ని కాస్త వదిలిపెట్టండి. ఏం తీసుకున్నాడు, ఎంత, ఎప్పుడు, దేంతో? ఆ నాలుగూ చెప్పి, జేబులో మిగిలిన పొట్లం ఉంటే నర్సు చేతిలో పెట్టి వెళ్లమనండి. బండి స్టాండు వేయక్కర్లేదు.