మెట్లు దిగినవాడూ, పైన మిగిలినవాడూ

నాయకత్వ లక్షణాలేమిటని అడిగితే పెద్దలు ధైర్యం, దూరదృష్టి, సమయస్ఫూర్తి అంటూ ఏకరువు పెడతారు. అసలు లక్షణాన్ని మాత్రం ఎందుకో దాచేస్తారు: పైవాళ్లంతా కూలిన క్షణంలో మీరు డెక్కు మీద ఉండాలి. యుద్ధనౌకలో వారసత్వానికి పూలదండ, ప్రమాణ స్వీకారం ఉండవు. కెప్టెన్ ఒరిగితే మొదటి లెఫ్టినెంట్, ఆయనా ఒరిగితే రెండో ఆయన. పెత్తనం మీ నెత్తిన వాలిందన్న కబురైనా మీకు అందకపోవచ్చు.

1813 జూన్ 1న బోస్టన్ సమీప సముద్రంలో అమెరికా నౌక చెసపీక్, బ్రిటిష్ నౌక షానన్ తలపడ్డాయి. పావుగంటలో అంతా అయిపోయింది. చెసపీక్ కెప్టెన్ జేమ్స్ లారెన్స్‌కు తుపాకీ గుండు తగిలింది. తాత్కాలిక మూడో లెఫ్టినెంట్ విలియం కాక్స్ ఆయనను పట్టుకుని, వైద్యుడి కోసం కింది అంతస్తుకు దింపాడు. ఆ కాసేపట్లోనే తక్కిన పై అధికారులూ పడిపోయారు. నెత్తురోడుతున్న మనిషిని జారిపోకుండా పొదివి పట్టుకుని దిగుతున్న కాక్స్‌కు తెలియకుండానే ఓడంతా అతడి చేతికొచ్చింది. 'ఓడను వదలకండి' అన్నది లారెన్స్ ఆజ్ఞ. తీరా ఓడ పోయింది కాబట్టి వదిలినవాడు ఒకడు దొరకాలి. దొరికాడు. 1814లో సైనిక న్యాయస్థానం అతడిని కొలువు నుంచి వెళ్లగొట్టింది. పాపం, అతడి నేరమల్లా జాలి! పోయిన హోదాను అమెరికా ప్రభుత్వం 1952లో తిరిగి ఇచ్చింది. ఫైలు కదలడానికి 138 ఏళ్లు పట్టిందంటే, ప్రభుత్వ కార్యాలయాల మెట్లెక్కిన వారెవరూ నోరు వెళ్లబెట్టరు.

ఇక షానన్ సంగతి. కెప్టెన్ బ్రోక్ తలకు తీవ్ర గాయం, మొదటి లెఫ్టినెంట్ మృతి. మిగిలిన రెండో లెఫ్టినెంట్ ప్రోవో వాలిస్, 22 ఏళ్లవాడు, ఓడను జూన్ 6న హాలిఫాక్స్ చేర్చాడు. నక్క తోక తొక్కినవాడంటే ఇతడే. నిజానికి అతడి అదృష్టం ముందే మొదలైంది: తండ్రి పలుకుబడి వల్ల నాలుగేళ్ల వయసులోనే నౌకాదళం చిట్టాలో నావికుడిగా పేరెక్కింది. అనుభవం లేదనడానికి ఎవరికి నోరొస్తుంది?

ఆ కొద్దిరోజుల పెత్తనం ఇంకా చేయవలసిన మేలు చాలా ఉంది. 1870లో బ్రిటిష్ నౌకాదళం పదవీ విరమణ నిబంధనలు రాస్తూ, ఫ్రాన్స్‌తో యుద్ధాల కాలంలో ఓడను నడిపించిన అధికారులను కొలువులోనే ఉంచాలని ఓ వాక్యం చేర్చింది. ఎన్నాళ్లు నడిపించాలో చెప్పలేదు. 1813 కూడా ఆ యుద్ధాల కాలంలోదే కాబట్టి వాలిస్ కొద్దిరోజులూ లెక్కలోకొచ్చాయి. వాలిస్ 1877లో నౌకాదళంలోకెల్లా పై మెట్టయిన అడ్మిరల్ ఆఫ్ ది ఫ్లీట్ అయ్యారు. తొంభై దాటాక అధికారులు మర్యాదగా గుర్తుచేశారట: అయ్యా, కొలువులో ఉన్నవారిని ఎప్పుడైనా సముద్రం మీదికి పిలవవచ్చు, విరమిస్తే మంచిది కదా అని. తాను సిద్ధమేనని ఆయన బదులిచ్చారట. 1892లో నూరేళ్ల వయసులో కన్నుమూసే నాటికి ఆ పేరు కొలువు జాబితాలోనే ఉంది.